దారి తెలిసిన బిల్లు, దారి తెలియని ఫైలు

ప్రశ్న: మా ఎడ్యుకేషనల్ సొసైటీకి హైదరాబాద్ చుట్టుపక్కల మూడు కాలేజీలు, నారాయణగూడలో హెడ్డాఫీసు ఉన్నాయి. నెలకు దాదాపు 250 కొనుగోలు బిల్లులు వస్తాయి. ఇబ్రహీంపట్నం క్యాంపస్‌లో బయల్దేరిన బిల్లుకు కార్యదర్శి గారి సంతకం అయ్యేసరికి నెల దాటుతోంది. మధ్యలో ఎక్కడ ఆగిందో చెప్పేవాళ్లు లేరు. అర్జెంటైతే వాట్సాప్‌లో ఫొటో పెట్టి ‘ఓకే’ అనిపించుకుంటున్నాం, దానికి ఆడిటర్ గారు ఒప్పుకోవడం లేదు. ప్రభుత్వంలో చేసి రిటైరై మా దగ్గరికొచ్చిన సూపరింటెండెంట్ గారు ఈ-ఆఫీసు (ప్రభుత్వ ఫైళ్లను కంప్యూటర్లో నడిపే ఏర్పాటు) లాంటిదే కావాలంటున్నారు. డెమో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లేమో ముందు పాత ఫైళ్లన్నీ స్కాన్ చేయించమంటున్నారు. ఏం కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?
– పరిపాలనాధికారి, నారాయణగూడ

జవాబు: స్కానింగ్ ఆర్డరు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. పాత ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినా రేపొచ్చే బిల్లు ఒక్క రోజు కూడా తొందరగా కదలదు. నడుస్తున్న ఫైళ్లు, శాశ్వతంగా ఉంచాల్సినవి (స్థలం కాగితాలు, బిల్డింగ్ పర్మిషన్లు, అఫిలియేషన్ ఉత్తర్వులు, సర్వీసు రిజిస్టర్లు) మాత్రం స్కాన్ చేయించండి. మిగతావాటికి ఒక స్ప్రెడ్‌షీటు చాలు. ఫైలు నంబరు, విషయం, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ పెట్టెలో ఉంది, ఎప్పుడు తీసేయొచ్చు అని రాసుకోండి. ఆ చివరి గడిని ఎలా నింపాలో మీ సూపరింటెండెంట్ గారికి బాగా తెలుసు. కలెక్టరేట్లలో ఆర్.డిస్ అంటే శాశ్వతం, డి.డిస్ అంటే పదేళ్లు, ఎల్.డిస్ అంటే ఏడాది. అదే పద్ధతి మీరూ పెట్టుకోండి. అయితే లెక్కల పుస్తకాలు, వోచర్ల విషయంలో పన్ను మినహాయింపు పొందే సంస్థలను పదేళ్లు భద్రపరచమని 2022లో వచ్చిన ఆదాయపన్ను నిబంధన 17ఏఏ చెప్పింది. వాటికి అంతకన్నా తక్కువ గడువు పెట్టకండి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి. బిల్లు, ఇండెంటు (సరుకు కావాలని పెట్టే చీటీ), సెలవు చీటీ, వీటికి దారి ముందే తెలుసు. ఎవరి తర్వాత ఎవరు చూడాలో, ఎంత మొత్తానికి ఎవరి సంతకం కావాలో ఇంకా రాని బిల్లు గురించి కూడా ఇవాళే చెప్పేయొచ్చు. యూనివర్సిటీతో ఉత్తరప్రత్యుత్తరాలు, కోర్టు కేసు, స్థలం తగాదా లాంటి వాటికి ఆ వీలు లేదు. కింద ఒకరు నోట్ పుటప్ చేస్తారు, పైవాళ్లు లాయరు గారి అభిప్రాయం తీసుకోమంటారు, అది వచ్చాక ఇంకో సెక్షన్‌కు వెళ్తుంది, మళ్లీ కిందికి దిగుతుంది.

ఈ-ఆఫీసు ఈ రెండో రకానికి బాగా కుదిరిన ఏర్పాటు. కేంద్ర సచివాలయ కార్యాలయ పద్ధతుల మాన్యువల్‌ను ఆధారం చేసుకుని కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ దాన్ని తయారుచేసింది. వచ్చిన కాగితం రిసీటుగా నమోదై ఫైల్లో చేరుతుంది. ఒక పక్క నోటింగ్ (అధికారులు రాసిన అభిప్రాయాలు), ఇంకో పక్క కరస్పాండెన్స్ (ఉత్తరాలు) కనిపిస్తాయి. పసుపు నోట్ చిత్తుప్రతి, దాన్ని దిద్దుకోవచ్చు. ఆకుపచ్చ నోట్‌ను ఒకసారి పైకి పంపాక దిద్దడం కుదరదు. ఫైలు చేతిలో ఉన్నవారు దాన్ని అవసరమనుకున్న అధికారికి పంపుతారు. బిల్లులకు అదే స్వేచ్ఛ ఇచ్చారంటే ఇప్పుడున్న జబ్బే కంప్యూటర్లోకి మారుతుంది, అంతే. పైగా అది ప్రభుత్వ కార్యాలయాల కోసం చేసింది, ప్రైవేటు సొసైటీ కొనుక్కునే సరుకు కాదు. అందులోంచి మీరు తీసుకోవాల్సింది ఒక్కటే: పైకి పంపిన నోట్‌ను ఎవరూ దిద్దలేకపోవడం.

కాబట్టి ముందు బిల్లులు, అదీ ఒక్క క్యాంపస్‌లో. మిగతావాటి జోలికి ఇప్పుడే పోవద్దు.

సాఫ్ట్‌వేర్ చూసే ముందు, గత మూడు నెలల్లో చెల్లింపు అయిపోయిన బిల్లుల్లోంచి ఓ 30 తీయండి. ఇన్‌వర్డ్ (కాగితం అందినట్టు వేసే) ముద్ర తేదీ, స్టోర్స్ ఎంట్రీ, ప్రిన్సిపాల్ సంతకం, అకౌంట్స్‌కు చేరిన రోజు, కార్యదర్శి గారి సంతకం, చెక్కు తేదీ వరుసగా రాయండి. సంతకాలకు పట్టిన కాలం కన్నా వెనక్కి వెళ్లి మళ్లీ రావడానికి పట్టిన కాలమే ఎక్కువ తేలవచ్చు. ఒక బిల్లుకు పర్చేజ్ ఆర్డర్ నంబరు ఉండదు, ఇంకోదానికి సరుకు అందినట్టు స్టోర్స్ రసీదు ఉండదు, మరోదాని మీద జీఎస్టీ నంబరు తప్పు. ఇవి మూడో బల్ల దగ్గర బయటపడితే బిల్లు మళ్లీ ఇబ్రహీంపట్నం ప్రయాణం కట్టాల్సిందే. అందుకే ఆర్డరు, స్టోర్స్ రసీదు, బిల్లు మూడూ జత కుదిరితే తప్ప బిల్లు మొదటి మెట్టు దాటకుండా పెట్టండి. ఏ గడి ఖాళీగా ఉన్నా ‘పంపు’ మీట పనిచేయకూడదు. కరెంటు బిల్లు, అద్దె లాంటి ఆర్డరు లేని ఖర్చులకు వేరే ఫారం పెట్టండి. లేకపోతే సిబ్బంది ఆ గడిలో ‘000’ కొట్టడం మొదటి వారంలోనే నేర్చుకుంటారు.

ఆలస్యానికి ఖరీదు కూడా ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థగా ఉద్యమ్ నమోదు ఉన్న తయారీదారుకో సేవలందించేవారికో ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, అదీ 45 రోజులు మించకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోగా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం చెబుతోంది. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా. సరఫరాదారుల జాబితాలో ‘ఉద్యమ్ ఉందా’ అనే గడి పెట్టి, ఉన్నవాళ్ల బిల్లులు తెరపై పైవరసలో కనపడేట్టు చేయించండి. గడువు లెక్క మొదలయ్యేది సరుకు అందుకున్న రోజు నుంచి. బిల్లు మీ ఇన్‌వర్డ్‌కు చేరిన రోజు దానికి పట్టదు.

దారి గీయడం తేలికే. అందింది, స్టోర్స్ చూసింది, అకౌంట్స్ చూసింది, మంజూరైంది, చెల్లించాం. డెమోలో చూపించేది కూడా ఇదే. సిస్టం నిలబడేదీ కూలబడేదీ ఈ తిన్నని దారి పక్కనున్న నాలుగైదు సందుల్లో. అక్కడ ఏం జరగాలో కొనకముందే కాగితం మీద రాసుకోండి.

మొదటిది, వెనక్కి పంపడం. బిల్లు వెనక్కి వెళ్తే ఒక మెట్టు కిందికా, మొదటికా? సవరించాక మళ్లీ అందరూ చూడాలా? మొత్తం, సరఫరాదారు, పన్ను, ఈ మూడింట్లో ఏది మారినా మళ్లీ మొదటి నుంచి అందరి దగ్గరికీ వెళ్లాలి. కాగితం ఒకటి జతచేయడమే అయితే ఎవరు వెనక్కి పంపారో తిన్నగా వాళ్ల దగ్గరికే రావాలి. ఈ తేడా లేకపోతే ఒక జిరాక్సు కోసం ప్రిన్సిపాల్ గారు రెండోసారి మంజూరు నొక్కాల్సి వస్తుంది, మూడోసారికి చూడకుండానే నొక్కేస్తారు. కారణాన్ని టైపు చేయనివ్వకుండా ఐదారు కారణాల జాబితాలోంచి ఎంచుకోమనండి, కింద వ్యాఖ్యకు చోటివ్వండి. రెండు నెలల తర్వాత ఏ కారణంతో ఎన్ని వెనక్కి వెళ్లాయో ఒక్క చూపులో తెలుస్తుంది.

రెండోది, మన ఆఫీసుల్లో అందరికీ తెలిసిన ‘ప్లీజ్ డిస్కస్’. బయటి సాఫ్ట్‌వేర్లలో తరచూ మంజూరు, తిరస్కరణ తప్ప మూడో మీట ఉండదు. అప్పుడు పెద్దాయన ఏదీ నొక్కకుండా బిల్లును అట్టే పెట్టి ఫోన్ చేస్తారు, రికార్డులో ఏమీ మిగలదు. ‘చర్చకు’ అని వేరే స్థితి పెట్టించండి. ఎవరిని పిలిచారో వాళ్ల పేరు మీదికి బిల్లు వెళ్లాలి, గడువు మూడు పని దినాలు. మాట్లాడిన తర్వాత ఏం తేలిందో వాళ్లే ఒక వాక్యం రాసి తిరిగి పంపాలి.

మూడోది సెలవులు, పాస్‌వర్డులు. మంజూరు అధికారం పేరుకు కాకుండా హోదాకు కట్టండి. ప్రిన్సిపాల్ బదిలీ అయితే పెండింగు మొత్తం కొత్తవారి తెర మీదికి దానంతటదే రావాలి. సెలవులో వెళ్లేవారు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎవరికి అప్పగిస్తున్నారో సిస్టంలోనే పెట్టాలి, ఆ రోజుల్లో పడే మంజూరు ‘ఫలానావారి తరఫున’ అని నమోదవ్వాలి. తన ఇండెంటును తానే మంజూరు చేసుకునే వీలు మూసేయండి. ఇన్‌ఛార్జి బాధ్యతల్లో ఉన్నప్పుడు తెలియకుండానే అలా జరిగిపోతుంది.

కార్యదర్శి గారి పాస్‌వర్డు పీఏ దగ్గర ఉండటం మాత్రం అన్నిటికన్నా మామూలుగా జరిగేది, అన్నిటికన్నా ప్రమాదకరమైనది కూడా. వద్దని సర్క్యులర్ ఇస్తే ఆగదు, ఎందుకంటే అవసరం నిజమైనదే. ఆయన రోజంతా కంప్యూటరు ముందు కూర్చోరు. పీఏకు సొంత లాగిన్ ఇవ్వండి: తెరిచి చూడొచ్చు, వరుస పెట్టొచ్చు, కాగితం జతచేయొచ్చు, మంజూరు మీట మాత్రం కనపడదు. కార్యదర్శి గారికి ఫోన్లో ఒకే తెర చాలు. సరఫరాదారు, మొత్తం, ఎవరెవరు చూశారు, బిల్లు బొమ్మ, మూడు మీటలు (మంజూరు, తిరస్కరణ, చర్చకు), మీట నొక్కాక ఓటీపీ. అంతకన్నా ఎక్కువ పెడితే ఫోను మళ్లీ పీఏ చేతికే వెళ్తుంది.

నంబరు విషయంలో కాస్త మొండిగా ఉండండి. క్యాంపస్, రకం, ఆర్థిక సంవత్సరం, నాలుగంకెల వరుస, ఉదాహరణకు ‘ఇబ్ర-కొ-2526-0413’. ఇది ఇన్‌వర్డ్‌లోనే, ఒక్కసారే పడాలి. వెనక్కి వెళ్లి వచ్చినా అదే నంబరు, రద్దయిన నంబరు ఇంకోదానికి ఇవ్వకూడదు. ఏప్రిల్ 1న వరుస మళ్లీ ఒకటితో మొదలవుతుంది, కానీ పాత పెండింగు పాత నంబరుతోనే నడవాలి. అదే నంబరును అసలు బిల్లు మీద కుడివైపు పైమూల పెన్నుతో రాయాలి, లేదా స్టిక్కరు అంటించాలి. అసలు కాగితం ఇక తిరగకూడదు. క్యాంపస్‌లోనే నంబరు వరుసలో కట్టకట్టి వారానికోసారి హెడ్డాఫీసుకు పంపండి. కాగితమూ, తెరా రెండూ తిరిగితే జనం కాగితాన్నే నమ్ముతారు, తెర మీద సాయంత్రం తీరిగ్గా మీటలు నొక్కుతారు. ఫలానా తేదీ తర్వాత తెర మీద మంజూరు లేని బిల్లు అకౌంట్స్ తీసుకోదని కార్యదర్శి గారి సంతకంతో ఒక ఆఫీసు ఆర్డరు ఇప్పించండి, ఆయన బిల్లులకూ మినహాయింపు లేకుండా.

ఒకే బిల్లు రెండుసార్లు చెల్లించడం ఎలా ఆపాలో కూడా ఇక్కడే చూసుకోండి. సరఫరాదారును పేరుతో కాకుండా 15 అక్షరాల జీఎస్టీ నంబరుతో గుర్తించండి. తెలంగాణవైతే మొదటి రెండంకెలు 36, ఆ తర్వాతి పది పాన్ నంబరు. జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, ఆర్థిక సంవత్సరం మూడూ కలిపి రెండోసారి వస్తే సిస్టం ఆపేయాలి. అయితే ఒక గుమాస్తా ‘ఐఎన్‌వి/045’ అని, ఇంకొకరు ‘ఐఎన్‌వి45’ అని కొడతారు. గీతలు, చుక్కలు, ఖాళీలు, ముందు సున్నాలు తీసేసి పోల్చమని కంపెనీ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. చెప్పకపోతే చేయరు. జీఎస్టీ నమోదు లేని చిన్న సరఫరాదారులకు పాన్ నంబరు పెట్టుకోండి.

కొత్త బిల్లుల స్కానింగ్‌కు ఫీడర్ (కాగితాల్ని వరుసగా లోపలికి లాక్కునే భాగం) ఉన్న మామూలు స్కానరు చాలు, స్పష్టత 300 డీపీఐ, గ్రేస్కేల్ (బూడిద ఛాయలు). పూర్తి నలుపు-తెలుపు పెట్టొద్దు. గులాబీ రంగు కార్బన్ కాపీలు, ఊదారంగు రబ్బరు స్టాంపు పడిన అంకెలు అందులో నల్లటి మచ్చలైపోతాయి. ఖాళీ పేజీలు తీసేసే సెట్టింగు ఆపేయండి, బిల్లు వెనక పెన్సిల్‌తో రాసిన కొలతల్ని అది ఖాళీ అనుకుని పారేస్తుంది. పెట్రోలు బంకు, సూపర్‌మార్కెట్ ఇచ్చే థర్మల్ కాగితం బిల్లులు నెలల్లో వెలిసిపోతాయి, వాటిని వచ్చిన రోజే చేయాలి. పిన్నులు తీసేశాకే ఫీడర్లో పెట్టాలి, రెండు కాగితాలు అంటుకుని వెళ్తే ఆపే సెన్సారు ఉన్న మోడల్ తీసుకోండి. 250 బిల్లులు, బిల్లుకు నాలుగు పేజీలు, పేజీ 400 కేబీ వేసుకుంటే నెలకు 400 ఎంబీ, ఏడాదికి 5 జీబీ లోపే. స్టోరేజీకి పెద్ద మొత్తం కోట్ చేస్తే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

తెలుగులో వెతకడం గురించి అతిగా ఆశపడొద్దు. అనూ ఫాంట్లలో టైపు చేసిన సర్క్యులర్లు చూడ్డానికి తెలుగే గానీ లోపల ఉన్నవి తెలుగు యూనికోడ్ అక్షరాలు కావు, అందుకని వెతికితే తగలవు. యూనికోడ్‌లోనూ చిక్కుంది. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాట మధ్యలో కంటికి కనపడని విభజన గుర్తు ఒకటుంటుంది, ఒకరు అది కొట్టి, ఇంకొకరు కొట్టకపోతే కంప్యూటరుకు అవి రెండు వేరే మాటలు. ఓసీఆర్ (స్కాన్ బొమ్మలోని అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్) అచ్చు తెలుగును ఓ మోస్తరుగా చదువుతుంది, చేతిరాత దగ్గర చేతులెత్తేస్తుంది. అందుకని నంబరు, తేదీ, మొత్తం, సరఫరాదారు, ఖర్చు పద్దు అనే ఐదు గడుల మీదే వెతుకులాట నడవాలి. ఖర్చు పద్దు టైపు చేసేది కాకుండా జాబితాలోంచి ఎంచుకునేదై ఉండాలి.

ఆడిటర్ గారి అభ్యంతరం న్యాయమైనదే, కానీ అది ఎలక్ట్రానిక్ పద్ధతి మీద కాదు. ఎలక్ట్రానిక్ రికార్డుకు 2000 నాటి ఐటీ చట్టమే గుర్తింపు ఇచ్చింది. వాట్సాప్ ‘ఓకే’ ఏ బిల్లుకు, ఏ మొత్తానికి ఇచ్చిందో ఆ బిల్లుతో పాటు నిలవదు. ఫోన్ మారితే పోతుంది, ఎవరైనా చెరిపేయొచ్చు. వివాదం కోర్టుకెళ్తే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైల్లో ఏ కాస్త మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) కూడా రాయాలి. కాబట్టి స్కాన్ లోపలికి చేరిన క్షణంలోనే హాష్ లెక్కగట్టి దాచే సిస్టం అయితే మంచిది. లోపలి మంజూరుకు డిజిటల్ సంతకం టోకెన్లు (కంప్యూటరుకు తగిలించే పెన్‌డ్రైవ్ లాంటివి) అక్కర్లేదని మా అభిప్రాయం. ఎవరి లాగిన్ వారిది, చెరపలేని లాగ్ (ఎవరు ఏం చేశారనే నమోదు), సమయం ఉంటే చాలు, దీన్ని ముందే మీ ఆడిటర్ గారితో రాతపూర్వకంగా ఒప్పించుకోండి. బయటికి వెళ్లే పత్రాల కోసం క్లాస్ 3 టోకెన్లు ఇద్దరు ముగ్గురికి తీసుకోండి. నలభై మందికి కొంటే గడువు తీరడాలు, పోగొట్టుకోవడాలతోనే ఒక మనిషి పని సరిపోతుంది.

ఏం కొనాలంటే, నెలకు 250 బిల్లులకు పెద్ద ప్రాసెస్ ఇంజన్లు (పెద్ద సంస్థల్లో పనుల దారిని నడిపే సాఫ్ట్‌వేర్లు) అనవసరం. ఇప్పటికే మైక్రోసాఫ్ట్ 365 వాడుతుంటే షేర్‌పాయింట్ జాబితా, పవర్ ఆటోమేట్‌లోని అప్రూవల్స్‌తో పైలట్ (ఒక్క క్యాంపస్‌లో ప్రయోగం) నడిపేయొచ్చు. కొనుగోళ్లు, స్టోర్స్, లెక్కలు ఒకేచోట కావాలంటే ఈఆర్‌పీనెక్స్ట్ చూడండి. అందులో స్థితులు, ఎవరు ఏ స్థితి నుంచి దేనికి మార్చొచ్చు, ఎంత మొత్తం దాటితే ఎవరు అన్నవి ప్రోగ్రామింగ్ లేకుండానే పెట్టొచ్చు. ‘స్వీయ మంజూరు అనుమతి’ అనే టిక్కు ఒక్కో మార్పు దగ్గర విడిగా ఉంటుంది, అన్నిచోట్లా తీసేయాలి. పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్ లాంటివి దాచడానికి, వెతకడానికి చక్కగా పనికొస్తాయి, మంజూరు దారికి కాదు. కోర్టు కేసుల్లాంటి దారి తెలియని ఫైళ్లకు బిల్లులు గాడిన పడ్డాక వేరేగా ఆలోచించండి.

గుర్తుచేసే మెయిళ్లు గంటకొకటి రాకూడదు. ఉదయం 10 గంటలకు ఒక్కొక్కరికి ఒకటే జాబితా: నంబరు, సరఫరాదారు, మొత్తం, ఎన్ని రోజులుగా మీ దగ్గర ఉంది. మూడు పని దినాలు దాటితే పైవారికి కూడా వెళ్లాలి. సెలవుల క్యాలెండరు మీరే నింపండి. బోనాల మరుసటి సోమవారాన్ని, గణేశ్ నిమజ్జనం రోజును సిస్టం పని దినంగా లెక్కేస్తే తప్పుడు ఆలస్యాలు పుడతాయి, ఒకసారి అలా జరిగితే ఆ జాబితాను ఎవరూ నమ్మరు. పైలట్ మార్చిలో వద్దు, అడ్మిషన్ల హడావుడిలోనూ వద్దు. ఆగస్టులో నాలుగు వారాలు పెట్టుకోండి.

మళ్లీ డెమోకు పిలిచినప్పుడు మీ బిల్లులే వాళ్ల ముందు పెట్టండి: రెండు ఆర్డర్లకు కలిపి వచ్చిన బిల్లు, అడ్వాన్సు పోను మిగిలింది కట్టాల్సిన బిల్లు, క్రెడిట్ నోట్ (సరఫరాదారు తగ్గించిన మొత్తానికి ఇచ్చే చీటీ), పన్ను తప్పుపడిన బిల్లు, మంజూరు చేయాల్సినవారు సెలవులో ఉన్న బిల్లు. తర్వాత అడ్మిన్ లాగిన్‌తో మంజూరైన బిల్లు తెరిచి మొత్తం మార్చమనండి. మారితే, పాత అంకె, కొత్త అంకె, మార్చినవారి పేరు లాగ్‌లో పడ్డాయా చూడండి. లాగ్‌లో సమయం కూడా గమనించండి. సర్వరు యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) లెక్కలో ఉంటే అయిదున్నర గంటలు వెనక చూపిస్తుంది, ఏప్రిల్ 1 తెల్లవారుజామున నమోదైనది మార్చి 31 కింద పడి ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. ఒప్పందంలో ఒక షరతు రాయించండి: ఎప్పుడు అడిగినా స్కాన్లన్నీ బిల్లు నంబరే ఫైలు పేరుగా, లాగ్ మొత్తం సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికగా), విడిగా డబ్బు అడగకుండా ఇవ్వాలి. పైలట్ ముగిసే వారంలో ఒకసారి అడిగి తెప్పించుకుని, వాళ్ల సిస్టం తెరవకుండా ఆ ఫైళ్లతోనే ఏవైనా పది బిల్లుల చరిత్ర చెప్పగలరా అని మీ అకౌంట్స్ వాళ్లతో చూపించండి. చెప్పలేకపోతే, చెప్పగలిగేదాకా చివరి విడత చెల్లింపు ఆపండి.